టైరు డబ్బులు అడిగే నెల



హైదరాబాద్‌లో కూర్చుని మంచులో నడిచే కారు టైర్ల గురించి రేడియోలో మాట్లాడతానంటే ముందు మా ఆవిడే నవ్వింది. "మనకు మంచంటే లంబసింగిలో గడ్డి మీద పేరుకునేదే కదండీ, దానికి టైర్లెందుకు?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. బేగంపేటలో కొలిచిన లెక్కల ప్రకారం ఈ ఊళ్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరి 8న. డిసెంబర్‌లో యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ చుట్టుపక్కల ఉష్ణోగ్రత ఒక అంకెలోకి దిగితేనే మర్నాడు పేపర్లో ఫొటో వేస్తారు. చలికాలపు టైర్లు తయారుచేసేవాళ్లు గుర్తుపెట్టుకోమనే గీత ఏడు డిగ్రీలు. అంతకన్నా చలి ముదిరితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోవడం మొదలవుతుంది. మనకు ఆ గీత దాటడమే అపురూపం. అలాంటి ఊళ్లో ఈ ప్రసంగం ఎవరికి?

చెబుతాను. గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్ వైపు ఏ అపార్ట్‌మెంట్ లిఫ్టులోనైనా నలుగురిని పలకరించండి. ఇద్దరికైనా కొడుకో, కోడలో, తమ్ముడో చికాగోలోనో డెట్రాయిట్‌లోనో టొరంటోలోనో ఉంటారు. వాళ్లను పంపేటప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని లిస్టు రాస్తాం. ప్రెషర్ కుక్కర్, దానికి రెండు గాస్కెట్లు, గోంగూర పచ్చడి, కందిపొడి, జ్వరం మాత్రలు, మంకీ క్యాపు. అక్కడికి వెళ్లాక మొదటి చలికాలం వాళ్ల ముందు పెట్టే అతి పెద్ద ఖర్చు మాత్రం ఆ లిస్టులో ఉండదు. నేను వెళ్లినప్పుడూ లేదు.

2013 సెప్టెంబర్‌లో మా మాదాపూర్ ఆఫీసు నన్ను మిషిగన్ రాష్ట్రం పంపింది. డెట్రాయిట్ నగరం శివార్లలో నోవై అని ఒక ఊరు, అక్కడ పని. పక్కనే ఫార్మింగ్టన్ హిల్స్‌లో అద్దె ఇల్లు. ఫోర్డు, జనరల్ మోటార్స్, క్రిస్లర్ ఈ మూడూ ఆ చుట్టుపక్కలవే కాబట్టి మనవాళ్లు అక్కడ ఎప్పటినుంచో ఎక్కువ. అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా మహాసభలు 2015లో డెట్రాయిట్‌లో జరిగాయి, మళ్లీ 2025లో నోవైలోనే జరిగాయి. రెండుసార్లూ జూలైలోనే. పట్టుచీరలు కట్టుకుని, బంతిభోజనాలు చేసి, ఎండలో ఫొటోలు దిగి వచ్చినవాళ్లకు ఆ ఊరి అసలు ముఖం తెలియదు. అది డిసెంబర్‌లో గానీ బయటపడదు.

వెళ్లిన రెండో వారం కారు కొన్నాను. కొన్నాను అనేకంటే సంక్రమించింది అనాలి. ఇండియా తిరిగొచ్చేస్తున్న ఒక విజయవాడ ఆయన దగ్గర 2003 మోడల్ కరోలా, రెండు పరుపులు, ఒక రైస్ కుక్కర్ కలిపి తీసుకున్నా. ఆయనకు ముందు ఆ కారు ఒక నెల్లూరు ఆయనది. అక్కడ మన కార్లు అలాగే చేతులు మారుతుంటాయి, దాదాపు ఆస్తి పంపకాల్లాగా. ఇంజన్ చప్పుడు విన్నాను, హీటర్ వేసి చూశాను, పాటలు వస్తున్నాయా లేదా చూశాను. టైర్ల వైపు వంగి చూడలేదు. తర్వాత చూస్తే వాటి పక్కన ఎం ప్లస్ ఎస్ అని అచ్చు ఉంది. మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు. టైరు మీదే మంచు అని రాసి ఉంటే ఇంకేం కావాలి అనుకున్నా.

అక్కడే పప్పులో కాలేశాను. ఆ ఎం ప్లస్ ఎస్ అనేది గాడుల ఆకారాన్ని బట్టి వేసుకునే గుర్తు. దాన్ని అచ్చు వేయడానికి టైరును మంచు మీద పరీక్షించాల్సిన పని లేదు. మంచు మీద పట్టు ఎంతో కొలిచి ఇచ్చే గుర్తు వేరే ఉంది. మూడు శిఖరాల కొండ, ఆ కొండ లోపల ఒక మంచు రేకు. ఈ ప్రసంగంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఆ కొండ బొమ్మ గుర్తుంచుకోండి.

ఆ చలికాలం మామూలు చలికాలం కాదు. 2013–14లో డెట్రాయిట్‌లో 94.9 అంగుళాల మంచు పడింది. 1880–81 నాటి రికార్డు కూడా చెరిగిపోయింది. సెంటీమీటర్లలో చెప్పాలంటే దాదాపు 241. ఈ 241 అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో పడ్డ వాన 241.5 మిల్లీమీటర్లు. పది సెంటీమీటర్ల మంచు కరిగిస్తే సుమారు ఒక సెంటీమీటరు నీళ్లొస్తాయని మోటు లెక్క. అంటే డెట్రాయిట్ చరిత్రలోనే అతి మంచు చలికాలం మొత్తం కరిగితే, మన హైదరాబాద్ ఒక్కరోజు వాన. అప్పటినుంచీ ఎవరైనా "మీకేం, మీకు స్నో లేదుగా" అంటే నేను ఒప్పుకోవడం మానేశాను. ఆ మాటకు మళ్లీ వస్తాను.

డిసెంబర్ మొదటివారం. రాత్రి ఎనిమిదింటికి ఇంటికి వెళ్తున్నా. మా కాలనీ మలుపు దగ్గర స్టాప్ బోర్డు. గంటకు ముప్ఫై కిలోమీటర్ల వేగం, అంటే మన అయ్యప్ప సొసైటీ గల్లీల్లో స్కూటర్ వెళ్లే వేగం. బ్రేకు తొక్కాను. కాలి కింద పెడల్ గురక పెట్టినట్టు గరగరమని అదిరింది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తోందన్నమాట. కారు మాత్రం ఆగలేదు. ఆగలేదంటే నెమ్మదించనూ లేదు. స్టీరింగ్ తిప్పితే చక్రాలు తిరిగాయి, కారు తిరగలేదు. బోర్డు దాటింది, మలుపు దాటింది, తీరిగ్గా, ఏ తొందరా లేకుండా వెళ్లి ఎవరిదో ఇంటి ముందున్న ఉత్తరాల డబ్బాను పడగొట్టి ఆగింది. ఆ ఇంటి పెద్దాయన పార చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. ముందు నా ముఖం చూశాడు, తర్వాత వంగి టైర్లు చూశాడు. "మొదటి చలికాలమా?" అని అడిగాడు. అంతే.

ఎందుకలా అయిందో తర్వాత కాగితం మీద లెక్క వేసుకున్నా. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ బ్రేకు వేస్తే, పొడి రోడ్డు మీద సుమారు 14 మీటర్లలో ఆగుతాం. గట్టిపడ్డ మంచు మీద 50 మీటర్లు పడుతుంది. గాజులా పేరుకున్న ఐసు మీదైతే 100 మీటర్ల దాకా జారుతాం. మన దుర్గం చెరువు తీగల వంతెన తెలుసు కదా, రెండు స్తంభాల మధ్య పొడవు దాదాపు 234 మీటర్లు. బ్రేకు తొక్కాక అందులో ఐదింట రెండొంతులు జారుతూ పోతామన్నమాట.

ఏబీఎస్ ఉంది, ఇంకేవో మూడు నాలుగు అక్షరాల రక్షణలున్నాయి అనుకుంటాం. అవన్నీ ఉన్న పట్టును పొదుపుగా వాడతాయి గానీ లేని పట్టును తెచ్చిపెట్టవు. కారు మొత్తం బరువును నేలకు ఆనించేది నాలుగు అరచేతులంత రబ్బరు. మన నానక్‌రామ్‌గూడలో, కార్లకు భాగాలు చేసే జెడ్ఎఫ్ కంపెనీ 2017లో సాంకేతిక కేంద్రం పెట్టింది. 2020 డిసెంబర్‌లో ఫియట్ క్రిస్లర్ వాళ్లు 15 కోట్ల డాలర్లతో హైదరాబాద్‌లో డిజిటల్ హబ్ పెడతామని ప్రకటించారు, అదే ఇప్పుడు స్టెలాంటిస్. ఎక్కడెక్కడి కార్లకో ఇక్కడ మన పిల్లలు ప్రోగ్రాములు రాస్తున్నారు, మంచి మాట. వాళ్లు రాసిన ఆజ్ఞ ఎంత తెలివైనదైనా చివరికి రోడ్డు దాకా మోసుకెళ్లాల్సింది ఆ అరచేతి రబ్బరే.

చలికాలపు టైరులో కిటుకు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి రబ్బరు. చలికి బిగుసుకోకుండా మెత్తగా ఉండేలా కలుపుతారు. రెండోది గాడుల మధ్య దిమ్మెల మీద బ్లేడుతో గీసినట్టుండే సన్నని చీలికలు. వందల కొద్దీ ఉంటాయి. టైరు దొర్లుతుంటే అవి తెరుచుకుని మంచును పట్టుకుంటాయి. మంచుకు మంచు అతుక్కుంటుంది, పిల్లలు ఉండలు చేసుకున్నట్టు. గాడిలో మంచు ఇరుక్కుంటే మనం అయ్యో అనుకుంటాం, నిజానికి అదే పట్టు. ఫిన్లాండు వాళ్లు 1934లోనే లారీలకు ఇలాంటి టైరు చేశారు, 1936లో కార్లకు హక్కపెలిట్టా అని ఒకటి తెచ్చారు. ఆ పేరు మీద ఇప్పటికీ అమ్ముతున్నారు.

మర్నాడు టైర్ల షాపుకు వెళ్లాను. నాలుగు చలికాలపు టైర్లు 480 డాలర్లు. వాటిని ఎక్కించడానికి విడిగా నాలుగు ఇనుప రిమ్ములు 240. మొత్తం 720. ఆ అంకె వినగానే నా బుర్ర ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. డాలరు అప్పుడు 62 రూపాయలకు అటూ ఇటూ. నలభై నాలుగు వేల ఆరొందల నలభై. మియాపూర్ ఫ్లాటుకు రెండు ఈఎంఐలు, పైన చిల్లర. నాలుగు వేల డాలర్ల కారుకు ఏడొందల టైర్లా అనిపించింది. అదే నెలలో నాన్నగారి కంటి ఆపరేషన్‌కు డబ్బు పంపాలి, సంక్రాంతికి టికెట్లు కొనాలి. "రెండు టైర్లే వేయించుకుంటే కుదరదా?" అని అడిగాను. షాపు అతను తల అడ్డంగా ఊపాడు. ముందువైపు మాత్రమే వేస్తే వెనకభాగం పట్టు తప్పి బొంగరంలా తిరిగిపోతుందన్నాడు. నాలుగూ వేస్తేనే వేస్తాడట. అమ్ముకోవడానికి చెబుతున్నాడనుకున్నా. చివరికి నాలుగూ వేయించాను. నిజమే చెప్పాడని తర్వాత తెలిసింది.

రూపాయిల్లోకి మార్చుకునే జబ్బు మనకు మొదటి ఏడాది తప్పదు. కాఫీ తాగినా మారుస్తాం. అది ఆవకాయ సీసా దగ్గర పర్లేదు గానీ టైరు దగ్గర ప్రమాదం. నేను జీతం తీసుకునేది డాలర్లలో, జారేది మిషిగన్‌లో. గుద్దిన ఉత్తరాల డబ్బాకూ, నా కారు బంపరుకూ, హెడ్‌లైటుకూ అయిన ఖర్చు 650 డాలర్లు. ఇన్సూరెన్సులో మొదటి వెయ్యి డాలర్లు నేనే భరించాలి కాబట్టి పైసా రాలేదు. ముందే టైర్లు కొనకుండా మిగిల్చినదాంట్లో దాదాపు అంతా ఒక్క జారుడుకే పోయింది.

అసలు లెక్క ఇంకొకటుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నాలుగేళ్లు అక్కడ ఉండి తెలుసుకున్నది. డిసెంబర్ నుంచి మార్చి దాకా చలికాలపు టైర్లు తిరుగుతుంటే, మామూలు టైర్లు గరాజులో గోనెపట్టా మీద విశ్రాంతి తీసుకుంటున్నాయి. అవి అరగడం లేదు. అంటే రెండో జత కొన్నామంటే ఖర్చు రెట్టింపు అయినట్టు కాదు, మొదటి జత ఆయుష్షు పెరిగినట్టు. ఎప్పుడో కొనాల్సిన టైర్ల డబ్బులో కొంత ముందుగా కట్టామంతే. రిమ్ముల సంగతీ అంతే. రిమ్ముల్లేకుండా ప్రతి సీజనుకూ పాత టైరు ఊడదీసి కొత్తది ఎక్కించాలంటే ఒక్కసారికి 60 డాలర్లయినా తీసుకునేవాళ్లు. ఏడాదికి రెండుసార్లు, 120. రెండేళ్లలో రిమ్ముల ఖర్చు తేలిపోయింది. ఆ పైన జాకీ పెట్టి నేనే మార్చుకున్నా. 2017లో తిరిగొచ్చేటప్పుడు కారు వరంగల్ కుర్రాడు ఒకతను కొన్నాడు. చలికాలపు జతకు విడిగా 150 ఇచ్చాడు. కూడికలూ తీసివేతలూ పోను ఒక్కో చలికాలానికి నాకు పడింది 142 డాలర్ల చిల్లర.

అంత తక్కువైతే ఎందుకు కొనలేకపోతాం? ఇక్కడే ఉంది చిక్కంతా. టైరు అడిగే డబ్బు పెద్దదేం కాదు, అడిగే నెలే తప్పు. నవంబర్‌లో అడుగుతుంది. అప్పటికి కొత్తగా వెళ్లినవాడు ఇంటి అడ్వాన్సు కట్టి, కారు కొని, కోటు కొని, చేతిలో ఏమీ లేకుండా ఉంటాడు. చదువుకునే పిల్లలైతే చెప్పనే అక్కర్లేదు. అందుకని వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. సెప్టెంబర్‌లో కారు బేరమాడేటప్పుడే టైర్ల డబ్బు పక్కన పెట్టుకుని మిగతాదానికి కారు చూసుకోండి. నాలుగు వేలుంటే కారు మూడు వేల మూడొందలది. రంగు కాస్త వెలిసిందైనా, పాటలు రాకపోయినా పర్లేదు.

ఇంకా తగ్గించుకునే దార్లున్నాయి. మార్చి చివర్లో, చలి పోయేటప్పుడు షాపుల్లో మిగిలిన టైర్లు తగ్గించి అమ్ముతారు. అందరూ నవంబర్‌లో మొదటి మంచు పడ్డ మర్నాడు ఎగబడతారు, అప్పుడు దొరికిందే మహాప్రసాదం. కారు కంపెనీ ఒప్పుకునే కొలతల్లో కాస్త చిన్న రిమ్ము, సన్న టైరు వేయించుకుంటే ధరా తగ్గుతుంది, మంచును కోసుకుని కిందికి దిగే గుణమూ పెరుగుతుంది. ఇక్కడ మన కుర్రాళ్లకు వెడల్పాటి టైర్ల మోజు, అక్కడ అది పనికిరాదు. రెండు జతలు దాచుకునే చోటు లేని అపార్ట్‌మెంటు వాళ్లకు ఆల్ వెదర్ అని ఒక రకం ఉంది. మామూలు ఆల్ సీజన్ టైర్లతో పొరబడకండి, పేర్లు అన్నదమ్ముల్లా ఉంటాయి. ఆల్ వెదర్ టైరు మీద నేను చెప్పిన కొండ గుర్తు ఉంటుంది, ఏడాది పొడుగునా తీయక్కర్లేదు. కెనడాలో ఒంటారియోలో ఉన్నవాళ్లయితే చలికాలపు టైర్లు వేయించిన రసీదు ఇన్సూరెన్సు కంపెనీకి పంపండి. 2016 జనవరి నుంచి అక్కడి కంపెనీలు దానికి ప్రీమియం తగ్గించి తీరాలి. పక్కనున్న క్విబెక్‌లోనైతే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఆ టైర్లు లేకుండా కారు తీయడమే నేరం. మిషిగన్‌లో అలాంటి చట్టం లేదు, మన జేబుకు వదిలేశారు.

సెకండ్ హ్యాండ్ టైర్లు కొంటారా? కొనండి, కానీ వయసు చూసి కొనండి. టైరు పక్కన నాలుగంకెల అచ్చు ఉంటుంది. 3419 అని ఉంటే 2019లో 34వ వారంలో పుట్టిందని. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. మంచుకు లోతైన గాడి కావాలి. ఆస్ట్రియా దేశం చలికాలపు టైరుకు నాలుగు మిల్లీమీటర్ల లోతు ఉండి తీరాలని చట్టమే చేసింది.

ఆల్ వీల్ డ్రైవ్ కారు ఉన్నవాళ్ల ధీమా గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తా. మా పక్కింటి గుంటూరు తమ్ముడు "నాది నాలుగు చక్రాలూ లాగే బండి అన్నా, నాకెందుకు?" అనేవాడు. నాలుగు చక్రాలూ లాగడం బయల్దేరడానికి పనికొస్తుంది. ఆగడానికి అందరివీ నాలుగు చక్రాలే. ఆ ఏడాది హైవే పక్క గుంటల్లో పడి ఉన్నవాటిలో పెద్ద పెద్ద బళ్లు నేను చాలానే చూశాను.

గాలి సంగతి కూడా. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే టైరులో గాలి ఒక పీఎస్ఐ తగ్గుతుంది. సెప్టెంబర్‌లో 24 డిగ్రీల ఎండలో 33 కొట్టించిన టైరు, జనవరిలో మైనస్ 16 వచ్చేసరికి ఏ పంక్చరూ లేకుండానే 26కి దిగిపోతుంది. నెలకోసారి గాలి చూపించుకోవడానికి డబ్బులు కూడా పెద్దగా కావు.

ఇక మన ఊరికి వస్తాను.

తిరిగొచ్చాక ఒక జూలై సాయంత్రం, గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కు క్యాబ్‌లో ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తున్నా. వాన దంచుతోంది. నార్సింగి దాటాక కారు ఒక్క క్షణం తేలినట్టయింది. మళ్లీ దిగింది. నా కాళ్లు వాటంతటవే లేని బ్రేకును తొక్కాయి. ఉత్తరాల డబ్బా గుర్తొచ్చింది. శంషాబాద్‌లో దిగి చూస్తే టైర్లు నున్నగా గుండు కొట్టించుకున్నట్టున్నాయి.

"టైర్లు అయిపోయినట్టున్నాయి తమ్ముడూ," అన్నా.

"తెలుసు సార్," అన్నాడు. పాలమూరు వైపు కుర్రాడు. "జూన్‌ల పిల్లల ఫీజు కట్టిన సార్. దసరాకు ఏపిస్త కొత్తయి."

"దసరాకు వానలు పోతాయి కదా?"

నవ్వాడు. "పోతయ్ సార్."

డెట్రాయిట్‌లో నవంబర్ ఎలాగో ఇక్కడ జూన్ అలాగ. వానలు మొదలయ్యే నెలా, బడి ఫీజుల నెలా ఒక్కటే. రోజుకు రెండొందల కిలోమీటర్లు తిరిగే క్యాబు నెలకు ఆరువేలు తిరుగుతుంది. ఏడెనిమిది నెలలకు టైర్లు అరుగుతాయి. ఆ కుర్రాడికి టైరు సంగతి తెలియక కాదు. మిషిగన్‌లో ఆ జారుడు తర్వాత టైర్ల షాపులో నిలబడ్డప్పుడు నాకూ తెలుసు. ఇద్దరం డబ్బు లేని నెలలో ఉన్నాం.

ఆ తేలడం ఎందుకో కూడా చెబుతా. టైరు గాడులు నీళ్లను పక్కకు తోస్తాయి. గాడులే లేకపోతే టైరు ముందు నీళ్లు పోగై దాన్ని పైకెత్తుతాయి. 1960లలో నాసా వాళ్లు విమానాల చక్రాల కోసం దీనికొక సూత్రం కట్టారు. దాని ప్రకారం నీళ్లు నిలిచిన రోడ్డు మీద 32 పీఎస్ఐ గాలి ఉన్న గుండు టైరు గంటకు 94 కిలోమీటర్ల దగ్గర నేలను వదిలేస్తుంది. గాలి 25కి పడితే 83 దగ్గరే వదిలేస్తుంది. మన ఔటర్ 158 కిలోమీటర్లు, దాని మీద వేగ పరిమితి 120. వానలో ఆ బోర్డు చూసి నడిపేవాడి సంగతి మీరే ఆలోచించండి. చట్టం ప్రకారం కారు టైరుకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాడి అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మె అడ్డంగా ఉంటుంది. టైరు అరిగి ఆ దిమ్మెకు సమానమైందంటే దాని పని అయిపోయింది. గేజీలు అక్కర్లేదు, వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది.

కొన్నిచోట్ల గుండు టైర్లకు వేడి కత్తితో మళ్లీ గాట్లు కొట్టి, నల్లటి పాలిష్ పూసి అమ్ముతుంటారు. కొత్తవాటిలా నిగనిగలాడతాయి. ఆ గాట్లు లోపలి దారాల దాకా దిగి ఉండొచ్చు. మే నెల ఎండకు ఔటర్ మీద అవి పేలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వాటికంటే అరిగిన టైరే నయం, కనీసం అబద్ధం చెప్పదు.

ధర విషయంలో ఒక మేలు జరిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పన్ను కలపక ముందు నాలుగు వేలున్న టైరు 5,120 నుంచి 4,720కి వచ్చింది. నాలుగింటికీ కలిపి 1,600 మిగులు. మన సదాశివపేటలోనే ఎంఆర్ఎఫ్ కార్ఖానా ఉంది. టైరు దొరక్క కాదు, డబ్బు నెలే కుదరక ఆగిపోతున్నాం. మా అపార్ట్‌మెంట్ దగ్గర స్టాండులో డ్రైవర్లు పన్నెండు మంది ఇప్పుడు నెలకు రెండు వేల చొప్పున టైర్ల చీటీ వేసుకున్నారు. ఎవరి టైర్లు ముందు అరిగితే వాళ్లు ముందు ఎత్తుకుంటారు, పాట లేదు. చీటీ పాట ఉంటే డబ్బు అవసరం ఎక్కువున్నవాడే నష్టపోతాడని వాళ్లే తీసేశారు. ఈ ఆలోచన నాది కాదు, నాకు మిషిగన్‌లో రాలేదు కూడా.

మన ఐటీ కారిడార్‌లో కంపెనీలు రాత్రి షిఫ్టు ఆడపిల్లలను దింపే క్యాబులకు జీపీఎస్ ఉందా, ఎస్కార్టు ఉన్నాడా అని చూస్తాయి. చూడాల్సిందే. గేటు దగ్గర ఉన్న సెక్యూరిటీ అతని చేతికి రెండొందల లోపు దొరికే గాడి కొలిచే గేజి ఒకటి ఇచ్చి, జూన్ మొదటి వారంలో వచ్చే ప్రతి క్యాబుకూ పెట్టి చూడమంటే బాగుంటుంది. అరిగితే బండిని వెనక్కి పంపకండి, ఆ నెల బిల్లు ఒక వారం ముందు ఇవ్వండి. టైర్లు వాళ్లే వేయించుకుంటారు.

ఇక పిల్లల్ని చలిదేశాలకు పంపిన తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీరు రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతారు, స్వెట్టర్ వేసుకున్నావా అని అడుగుతారు. ఈ దసరా వెళ్లాక ఒకసారి "టైర్లు మార్చావా నాన్నా?" అని కూడా అడగండి. "ఆల్ సీజన్ ఉన్నాయి అమ్మా, చాలు" అంటాడు, అదే అంటాడు. అప్పుడు కారు దగ్గరికి వెళ్లి, టైరు పక్కన కొండ బొమ్మ ఉందో లేదో చూసి ఫొటో తీసి పంపమనండి. లేకపోతే దీపావళికి పంపాలనుకున్న స్వీట్ల పార్శిల్ ఖర్చు ఈసారికి ఆ టైర్లలో వేయండి.